మొదటి పంక్తిలో శ్రీరామ

మా పేటలో నన్ను కంప్యూటరు తాతాజీ అంటారు. ఇన్నీసుపేటలో నాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు కంపోజు చేస్తాను. ఆ బిరుదు నాకు నేను ఇచ్చుకున్నది కాదు గాని, వద్దని అన్న పాపాన కూడా పోలేదు.

రెండో తరగతిలో నాకు చదువు చెప్పిన మాణిక్యాంబ టీచరుగారికి ఇప్పుడు ఎనభై రెండేళ్ళు. రెండేళ్ళ కిందట చూపు పూర్తిగా పోయింది. అప్పటినుంచి రోజూ సాయంత్రం కోరుకొండ రోడ్డులో వాళ్ళింటికి వెళ్ళి పేపరు చదివి వినిపిస్తున్నాను. ఉదయం పేపరు కోడలు రమాదేవిగారిది. మేమిద్దరం పైకి అనుకోకుండానే ఒక ఒప్పందానికి వచ్చాం. ఎవరైనా పోయారన్న వార్త ఉంటే దాటేస్తాం. గుండె జబ్బు మనిషి, ఎందుకు బాధపెట్టడం?

టీచరుగారు ఒకరోజు అడిగేశారు. "ఏరా తాతాజీ, రెండేళ్ళనుంచి ఈ గోదావరి జిల్లాల్లో ఒక్కరూ పోవట్లేదేంట్రా? యముడు సెలవు పెట్టాడా?"

నేను గబగబా సినిమా పేజీ తిప్పాను.

"కంప్యూటరు పైకి చదువుతుందిటగా. అదైతే దాచదు. నాకు అది పెట్టిపెట్టు. పెళ్ళికి ముందే టైపు హయ్యరు ప్యాసయ్యాను. కళ్ళు లేకపోతేనేం, వేళ్ళున్నాయి. నా పేపరు నేనే చదువుకుంటాను."

కాదంటే బిరుదు పోతుంది. సరేనన్నాను. షాపులోని పాత లాప్‌టాపులో విండోస్ బదులు లినక్సు ఉంది. నెట్లో నాలుగు చోట్ల నాలుగు ముక్కలు ఏరుకొచ్చి పైథాన్ అనే కంప్యూటరు భాషలో ఒక ప్రోగ్రాము కుట్టాను. ఏ రోజు పేపరు ఆ రోజు నెట్లోంచి ఒక ఫైలులో పడుతుంది. 'చదువు' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, పక్కన ఫైలు పేరు కొట్టి, ఎంటర్ నొక్కితే పైకి చదివేస్తుంది. చదవాలి.

మొదటిరోజు ఆవిడ ఒక్క తప్పు లేకుండా కొట్టి ఎంటర్ నొక్కారు. చప్పుడు లేదు. తెర మీద మాత్రం 'కమాండ్ నాట్ ఫౌండ్', అంటే అలాంటి ఆజ్ఞేదీ దొరకలేదని పడింది.

"ఏమంటోంది?"

"ఆలోచిస్తోందండి" అన్నాను.

విషయం చిన్నదే. మనం ఒక మాట కొడితే దాన్ని ఏయే చోట్ల వెతకాలో కంప్యూటరు దగ్గర ఒక జాబితా ఉంటుంది. దాన్ని పాత్ అంటారు. నా ప్రోగ్రాము ఉన్న చోటు ఆ జాబితాలో లేదు. చేర్చాలి, అంతే. నేను చేర్చడానికి బదులు పాత జాబితా మొత్తం చెరిపేసి నా ఒక్క చోటు రాశాను. ఇల్లు పీకి పందిరేసినట్టయింది. ఫైళ్ళు చూపించే కమాండు లేదు, రాసింది దిద్దుకుందామంటే ఎడిటరు లేదు. ఒక్కోదాన్ని పూర్తి చిరునామాతో పిలిస్తే పలుకుతుందని తెలుసుకుని, జాబితా మళ్ళీ నిలబెట్టేసరికి రెండు సాయంత్రాలు పోయాయి. టీచరుగారితో మాత్రం "అప్‌డేట్ అవుతోందండి" అన్నాను.

మూడో సాయంత్రం ప్రోగ్రాము దొరికింది గాని, నా పైథాన్‌లోని మొదటి మాటే తెలియదంది. 'ఇంపోర్ట్: కమాండ్ నాట్ ఫౌండ్.' ఇదీ పాత్ పనేనని ఇంకో మూడు రోజులు పాత్‌నే తిప్పి తిప్పి రాశాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను.

నిజం చెప్పొద్దూ, అది పనిచేయకపోతే బాగుండునని కూడా లోపల ఉంది. టీచరుగారితో పాటు బడిలో పనిచేసిన సూర్యకళగారు రిటైరయ్యాక యానాంలో ఉండేవారు. ఆదివారం ఆదివారం ఫోను చేసేవారు. ఆవిడ పోయి నెల దాటింది. పెద్దకర్మ కార్డు కంపోజు చేసింది నేనే. చేసి, ఆ సాయంత్రమే వచ్చి టీచరుగారికి రొయ్యల ధరలు చదివాను.

ఏడో రోజు టీచరుగారికి ఓపిక అయిపోయింది. "నువ్వు రాసిందేదో నాకు చదువు. పైనుంచి. ఒక్క ముక్క వదలకుండా."

ఆవిడకి అర్థమయ్యేదేముందిలే అనుకుంటూ, దీన్ని పైథాన్‌తో నడపమని చెప్పే పంక్తి దగ్గర మొదలుపెట్టాను.

"అది మొదటి పంక్తేనా?"

"దానికి పైన శ్రీరామ ఉందండి. కంప్యూటరు దాటేసే గుర్తు పెట్టే రాశాను. అది చదవక్కర్లేదు కదండీ."

శ్రీరామ లేని పలకను ఈవిడ దిద్దేవారు కాదు. తొడపాశం కూడా ఉండేది. నలభై ఏళ్ళు దాటినా ఏ కాగితం మొదలుపెట్టినా నా చెయ్యి ముందు అదే రాస్తుంది.

"నువ్వు ఇప్పుడు చదివిన పంక్తి ఎక్కడుండాలి?"

"అన్నిటికన్నా పైనేనండి. మొదటి పంక్తిలో ఉంటేనే కంప్యూటరు దాన్ని..." అని ఆగిపోయాను.

పాత్ ఎప్పుడో బాగుపడింది. శ్రీరామ అడ్డం ఉండి, ఇది పైథాన్ అని కంప్యూటరుకి తెలియనే లేదు. ప్రతి మాటనూ ఒక కమాండు అనుకుని వెతుకుతోంది.

"ఆయన్ని రెండో పంక్తిలోకి దించరా. రాజ్యం వదిలి అడవికెళ్ళినవాడు, ఒక్క మెట్టు దిగలేడా?" అన్నారు టీచరుగారు.

దించాను. ఆవిడ కొట్టారు. లాప్‌టాపు గొంతు సవరించుకోకుండానే ఆనాటి పేపరు గడగడా చదివేసింది. నేను కాలరు సర్దుకుంటున్నాను.

"ఇప్పుడు సూర్యకళ కార్డు చదివించు. నువ్వే వేసుంటావుగా."

నా చెయ్యి కాలరు దగ్గరే ఆగిపోయింది. "మీకెవరు చెప్పారండీ?"

"ఎవరూ చెప్పలేదు. ఐదు ఆదివారాలైంది ఫోను లేక. ఎవరో ఒకరు చెబుతారులే అని చూశాను."

వాట్సాప్‌లో పంపుకోవడానికి సూర్యకళగారి ఇంటివాళ్ళు అడిగితే మామూలు అక్షరాల్లో కొట్టిచ్చిన కాపీ ఆ లాప్‌టాపులోనే ఉంది. ఫైలు పేరు చెప్పాను. ఆవిడ వేళ్ళు ఒక్కచోటా తడబడలేదు. పేరు, వయసు, తేదీ, భోజనాల చోటు అన్నీ లాప్‌టాపు ఒకే గొంతుతో చదివేసింది. నాకు తల ఎత్తాలంటే సిగ్గేసింది. తలుపు దగ్గర రమాదేవిగారు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

 టీచరుగారు లాప్‌టాపు మూత తడిమి మూసేశారు.

"ఇది పట్టుకుపోరా. ఇది చదువుతుంటే సూర్యకళ ఎవరో పరాయి మనిషిలా ఉంది. రేపట్నుంచి నువ్వే వచ్చి చదువు."

"అలాగేనండి."

"ఆ కార్డుతో మొదలుపెట్టు" అన్నారు.