బ్యాంకాక్ రేవులో నవ్విన మనిషి

గుంటూరు దాటి ఎరగని మేమిద్దరం టూరు వాళ్లతో బ్యాంకాక్ వెళ్లాం. రోడ్డు మీద కార్లు కదలడం లేదని, ఊరి మధ్య కాలువలో తిరిగే పడవ ఎక్కమన్నారు. టూరు వాళ్లంతా, వాళ్ల వెనకే మా ఆయన ఎక్కారు. నేను కాలు పెట్టేలోగా పడవ కదిలిపోయింది. ఆయన ఏదో అరిచారు గానీ ఇంజను మోతలో వినపడలేదు.

నా దగ్గర ఫోను లేదు. హోటల్ పేరు నోరు తిరగదు. తర్వాతి పడవ రాగానే ఎక్కబోయాను. రేవులో బొప్పాయి ముక్కలమ్మే ముసలామె నా చెయ్యి పట్టి ఆపి, తన స్టూలు మీద కూర్చోబెట్టింది.

“వదలండమ్మా, మా ఆయన ఆ పడవలో వెళ్లిపోయారు!” అని తెలుగులోనే ఏడ్చాను. ఆమె నవ్వింది. ఇంకో పడవ వచ్చింది. మళ్లీ ఆపింది, మళ్లీ నవ్వింది. నా బాధ ఈమెకు వేడుకగా ఉందా అని ఒళ్లు మండింది.

అరగంటకు ఆయన తిరుగు పడవలో వచ్చి దిగారు.

“ఇక్కడే ఉన్నావా? బతికించావే!”

“నేనుండటం ఏంటండీ, ఈవిడ కదలనిస్తేగా!”

దణ్ణం పెడదామని ఆమె వైపు తిరిగాను. ముఖంలో నవ్వు లేదు. మెడలోని తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటోంది. నేను బెదిరిపోకూడదనే అంతసేపూ నవ్విందని అప్పుడు తెలిసింది.