ఆమె వేళ్లకు తెలిసిన మీటలు

గొంతు ఆపరేషన్ తర్వాత మా ఆవిడకు మాట పోయింది. పెన్ను పడితే చెయ్యి వణుకుతుంది. ఫోనులో ఒక అక్షరం నొక్కబోతే ఇంకొకటి పడుతుంది. రోజంతా సైగలే. నేను సగం అర్థం చేసుకునేవాణ్ణి, మిగతా సగానికి అర్థమైనట్టు తల ఊపేవాణ్ణి. అది ఆమెకు తెలిసిపోయేది.

మోండా మార్కెట్ పక్క సందులో ఒకప్పుడు మాకు టైపింగ్ దుకాణం ఉండేది. వచ్చిన గిరాకీతో నేను మాట్లాడేవాణ్ణి, తెలుగు మిషన్ ఆమె కొట్టేది. మీటల వైపు చూసేదే కాదు. ఎవరిదో కిరాయి ఒప్పందం కొడుతూనే నన్ను కోప్పడగలిగేది. ఆ మిషన్ ఇంకా ఇంట్లోనే ఉంది. దాని మీటలు గట్టివి, ఆమె వేళ్లలో ఇప్పుడు ఆ బలం లేదు. మెత్తటి కంప్యూటర్ మీటలైతే కొట్టగలదేమో అనిపించింది.

సీతాఫల్‌మండిలో రిపేరు దుకాణం అతను పాత కంప్యూటర్ ఒకటి బాగుచేసి ఇచ్చాడు. "కాకా, ఇండ్ల ఉన్న సాఫ్ట్‌వేర్ ఒక్కని సొత్తు కాదు, అందరిది. తెలుగు సుత వస్తది" అన్నాడు. వచ్చింది. కానీ అక్షరాలన్నీ వేరే మీటల మీద ఉన్నాయి. ఆమె ఒక మాట కొడితే తెర మీద ఏదో గజిబిజి పడింది. చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లు ఇంటర్నెట్‌లో మాట్లాడుకునే చోట మా గోడు రాశాను. "సాఫ్ట్‌వేర్ లోపలిదంతా తెరిచే ఉంది, మీరే మార్చుకోవచ్చు" అని జవాబు. ఆకలితో వచ్చినవాడికి బియ్యం డబ్బా చూపించినట్టుంది. నేను బడి గడప పెద్దగా తొక్కినవాణ్ణి కాదు. ఇంగ్లీషు నిఘంటువు చూసి నేర్చుకున్నాను, ఇదెంత అనుకున్నాను. ఆమె పాత మిషన్ మీద ఒక్కో మీట తాకి చూపిస్తే, కంప్యూటర్లో ఆ మీటకు ఆ అక్షరం పెట్టుకుంటూ పోయాను.

అయినా తెర మీద మాటలు కుదరలేదు. సాఫ్ట్‌వేర్‌ను నోరారా తిట్టాను. ఆమె నా మణికట్టు పట్టి మిషన్ దగ్గరికి లాక్కెళ్లింది. గుణింతం గుర్తు కొట్టింది, కాగితం కదల్లేదు. దాని మీదే అక్షరం కొట్టింది, అప్పుడు కాగితం జరిగింది. మిషన్ మీద గుర్తు ముందు, అక్షరం వెనక. కంప్యూటర్‌కేమో అక్షరమే ముందు కావాలి. ఈ వయసులో ఆ వేళ్లను అలవాటు మార్చుకోమని నేను చెప్పలేను.

"మనుషుల కోసమేనా మీరు చేసేది" అని మళ్లీ అదే చోట ఘాటుగా రాశాను. ముఖం తెలియని ఒకాయన మిషన్ ఫొటో అడిగాడు. కొన్నాళ్లకు, గుర్తు ముందు కొట్టినా సరిగ్గా పడేలా మార్చి పంపాడు. చూస్తే ఒక్క మీట మాత్రం తప్పు. ఇంత చేసినవాడికి ఆ ఒక్కటీ కనపడలేదా అని మళ్లీ రాయడం మొదలుపెట్టాను.

ఆమె వెనక నిలబడి చదివింది. నన్ను లేవమని భుజం తట్టి, తాను కూర్చుంది. మీటల వైపు చూడకుండా, ఇంకా పంపని నా జవాబు కిందే కొట్టింది:

"ఎవరో ఏమో, పాపం, మనకోసం గింత చేసిండు. జెర మర్యాదగ రాయుండ్రి."

ఆ గదమాయింపు కోసం ఎన్ని నెలలు ఎదురుచూశానో. కాసేపు అక్షరాలు కనబడలేదు. కళ్లద్దాలు తుడుచుకుని, నేను రాసిందంతా చెరిపేసి, "అయ్యా" అని మళ్లీ మొదలుపెట్టాను. ఆమె రాసింది మాత్రం చెరపలేదు, దాన్ని కిందే ఉంచి పైన రాశాను.