పెళ్ళికొడుకు పేరు లేని శుభలేఖ

మనిషి తన పెళ్ళి శుభలేఖలోంచి తానే మాయమవడం ఎలాగో ఎవరైనా నేర్చుకోవాలనుకుంటే నన్నడగండి. ఈ విద్యలో నన్ను మించినవాడు గుంటూరు జిల్లాలో లేడు.

అప్పట్లో చిలకలూరిపేట స్పిన్నింగు మిల్లులో కంప్యూటర్లు చూసుకుంటూ, తీరిక వేళల్లో విండోస్ బదులు ఉచితంగా వాడుకునే లినక్స్ వ్యవస్థ ఒకదానికి తెలుగు ఫాంట్లను ప్యాకేజీలుగా కట్టేవాణ్ణి. అక్షరాలు ఎవరో గీస్తారు, నేను మూటకట్టి అందరికీ చేరేలా చూస్తాను. పని చిన్నదే, గర్వం మాత్రం మిర్చి యార్డంత.

స్టాటిక్ ఫాంటుకి సన్నానికో ఫైలు, లావుకో ఫైలు ఉంటాయి. వేరియబుల్‌కి ఒక్కటే, సన్నం నుంచి లావు దాకా అదే సాగుతుంది. ఒక్కటి చాలుతుంటే ఇన్నెందుకని స్టాటిక్ ఫైళ్ళన్నీ పీకేశాను. "పాత సాఫ్ట్‌వేర్లకు ఈ సాగుడు తెలియదు బాబూ, అవి అన్నిటికన్నా సన్నటి అక్షరాన్నే పట్టుకుంటాయి" అని ఒక పెద్దాయన మెయిల్ పెట్టాడు.

"ఈ కాలంలో పాతవి ఎవరు వాడతారండీ?" అని జవాబిచ్చాను.

వాడేది మా శీను. చిన్ననాటి స్నేహితుడు, పేటలో శుభలేఖల ప్రెస్సు వాడిది. వాడి కంప్యూటర్లో లినక్స్ ఎక్కించింది నేనే. నా శుభలేఖ వేస్తున్నది వాడే. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినవాడి సంగతి మీరు వినే ఉంటారు. నేను ఫాంటును పెట్టుకెళ్ళాను.

శీను ఫోన్ చేశాడు. "ఒరేయ్, అప్‌డేట్ పెట్టాక నీ పేరు వెంట్రుకలా కనబడతందిరా. పేర్ల మీద అద్దే బంగారు రేకు ఇంత సన్నానికి అంటుకోదేమో."

"ఇప్పుడదే ఫ్యాషన్. కొట్టెయ్."

"ఒకసారి వచ్చి చూసుకో."

"ఫాంటు కట్టినోడికే చెబుతున్నావా?"

వాడికి ఒళ్ళు మండి అలాగే కొట్టేసి, కవర్లలో పెట్టి ప్రత్తిపాడులో కాబోయే మామగారింటికి పంపేశాడు. వధువు పేరు ఆయన కోరిక మీద వేరే ఫాంటులో వేశారు కాబట్టి ధగధగా మెరిసింది. నా పేరుకి రేకు అంటుకోక ఆ చోటు ఖాళీగా మిగిలింది. ఆయన కవర్లు తెరవకుండానే సగం ఊరికి పంచేశారు.

మర్నాడు ఆయన ఫోను. "బాబూ, ఊళ్ళోవాళ్ళు ఒకటే అడుగుతున్నారు."

"ఏమనండీ?"

"ముహూర్తం పెట్టేసి పెళ్ళికొడుకుని ఇంకా వెతుకుతున్నారా అని. ఒకాయన మేనల్లుడి ఫొటో కూడా పంపాడు."

బైకు మీద ప్రత్తిపాడు ఎలా చేరానో నాకే తెలియదు. వెళ్ళేసరికి పద్మజ, అదే కాబోయే మా ఆవిడ, మిగిలిన శుభలేఖల మీద స్కెచ్ పెన్నుతో నా పేరు రాస్తోంది. "ఈ లావు చాలా, ఇంకా సాగదీయనా?" అంది తలెత్తకుండా.

మామగారికి వేరియబుల్ ఫాంటు గొప్పతనం మొత్తం వివరించాను. ఆయన రిటైరైన బడిపంతులు, ఓపిగ్గా విన్నారు.

"అక్షరం మారితే మారింది బాబూ. మేం అల్లుణ్ణి మాత్రం స్టాటిక్‌గా ఉంటాడనే ఒప్పుకున్నాం" అన్నారు.

ఇంటికి రాగానే స్టాటిక్ ఫైళ్ళను మళ్ళీ ఎక్కించాను. సకల జనులారా, ఇదే నా ప్రతిజ్ఞ: వేరియబుల్ ఎంత గొప్పదైనా, పక్కన స్టాటిక్ లేకుండా మూట కట్టను గాక కట్టను. మళ్ళీ పెళ్ళి చేసుకునే ప్రమాదం లేకపోయినా సరే.