చింతపండుతో తోమిన తుపాకి

ఇవాళ ఫోన్లో ఒక ప్రకటన చూశాను. గొట్టంలో మందు కూరి పేల్చే పాతకాలపు సిపాయి తుపాకి అట, సేకరించేవాళ్ల కోసం అట. కింద "దయచేసి తోమకండి" అని హెచ్చరిక! ఆ ముక్క మా నాయనమ్మకు ఎవరు చెప్పాలి?

చిట్యాలలో మా ఇంటి తుపాకిని ఆమె ప్రతి దసరాకూ ఇత్తడి బిందెలా చింతపండుతో తోమి, గొట్టం నిండా నీళ్లు పోసి కడిగి, బొట్లు పెట్టేది. మీ ఇళ్లల్లోనూ ఇంతేనా?

ఒకసారి దసరా మర్నాడే ఇంటి వెనక పల్లిచేలో అడవిపందులు పడ్డాయి. మా నాన్న, అదే బాపు, గురిపెట్టి నొక్కాడు. 'టిక్' మంది, అంతే.

"అవ్వా, మల్ల కడిగినవా?"

"దేవుని ముంగట మురికిది పెడ్తరార? నీకు కాల్చుడు రాక నన్నంటవా!"

ఇద్దరి అరుపులకు పందులు పారిపోయాయి. మరుసటి దసరాకు నాయనమ్మ దాన్ని ఇంకా గట్టిగా తోమింది.

"పందులను ఎల్లగొట్టింది ఇదే గదరా!"