జొన్నచేలో స్పెషల్ ఎడిషన్

తెలివితక్కువ పనులు అందరూ చేస్తారు. కానీ మొగుడు ప్రాణంగా చూసుకునే సినిమాను తీసుకెళ్లి రామచిలకలకు సమర్పించిన ఇల్లాలు మా దర్శి చుట్టుపక్కల నేనొక్కదాన్నే. అంతటితో ఆగి ఉంటే నవ్వుకుని ఊరుకునేవాళ్లం. ఆగలేదు.

ముందు మావారి భక్తి గురించి చెప్పాలి. ఆకాశం నుంచి యంత్రాలు దిగి పట్నాన్ని చెరుకుగడలా నమిలేసే ఇంగ్లీషు సినిమా ఒకటుంది. ఆయన ఇంటర్లో ఉండగా దాన్ని వీసీడీగా కొన్నారు. తర్వాత డీవీడీ వస్తే అదీ కొన్నారు. పెళ్లయ్యాక నాలుగు డిస్కుల స్పెషల్ ఎడిషన్ వచ్చింది, మెరిసే రేకు డబ్బాలో.

“ఉన్న సినిమానే మళ్లీ ఎందుకండీ?”

“దీంట్లో ఎనిమిది నిమిషాలు ఎక్కువుంది.”

“ఆ ఎనిమిది నిమిషాల్లో ఏమవుద్ది?”

“హీరో కారాపి మంచినీళ్లు తాగుతాడు.”

మా వైపు నీళ్లకు కరువే. అయినా ఒకడు నీళ్లు తాగుతుంటే డబ్బిచ్చి చూసేంత కరువు మాత్రం ఎప్పుడూ రాలేదు.

ఆ నాలుగు డిస్కుల్లో ఒకటి ఆయన స్నేహితుడు పట్టుకెళ్లి తిరిగివ్వలేదు. డబ్బాలో ఒక గడి ఖాళీ. అప్పుడు మా పాప పాకుతోంది. చేతికి ఏది దొరికినా నోట్లోకే. నేనేమో అది నిద్ర లేచిన ప్రతిసారీ గౌను గుండీలు లెక్కపెట్టుకునే తల్లిని. అందుకని మా పెళ్లి డిస్కును ఆ ఖాళీ గడిలో పెట్టి, డబ్బాను బీరువా మీదకెక్కించాను. చర్చిలో మా పెళ్లయ్యాక మా నాన్న మైకు పట్టుకుని, నన్ను చూస్తూ నాలుగు నిమిషాలు మాట్లాడాడు. మరుసటేడే పోయాడు. ఆయన గొంతు ఆ డిస్కులో తప్ప మరెక్కడా లేదు. అంత భద్రంగా దాచి, దాచిన సంగతే మరిచిపోయాను.

పాపకు మూడేళ్లప్పుడు మా మావయ్య రెండెకరాలు కౌలుకు తీసుకుని జొన్న వేశాడు. కంకి పాలు పోసుకునే వేళకు చిలకలు దిగుతాయి. కర్రలకు పాత సీడీలు వేలాడదీస్తే ఎండకు తళతళలాడి వాటిని బెదరగొడతాయి.

“అమ్మాయ్, పనికిరాని సీడీలేమన్నా ఉన్నాయా? గుంపులు గుంపులు దిగతన్నాయి.”

“ఉన్నాయి మావయ్యా, ఉండండి.”

“వాడినడగొద్దా?”

“ఆ సినిమా ఇప్పుడు ఫోన్లోనే వస్తంది. ఆయన చూసేదీ ఫోన్లోనే.”

మొగుడి సొత్తు కోడలు మామకు దానం చేసినట్టు, మూత కూడా తీయకుండా డబ్బా చేతిలో పెట్టాను. నిజం చెప్పొద్దూ, చేను మీద ప్రేమకంటే ఆ ఎనిమిది నిమిషాల మీద కసే ఎక్కువ.

నెలరోజులకు ఆయన బీరువా మీద తడిమారు.

“డబ్బా ఏది?”

“చిలకలు చూస్తన్నాయి,” అని సంగతంతా చెప్పాను. అరుస్తారని ఎదురుచూశాను. అరవలేదు.

“నాలుగూ ఇచ్చావా?”

“మీవి ఉన్నదే మూడు గదా, నాలుగోది మీ ఫ్రెండు...” అంటూ ఆగిపోయాను.

చేలోకి ఎలా వెళ్లానో గుర్తులేదు. ఒక డిస్కు కట్టిన కర్ర మీద చిలక కూర్చుని తాపీగా ఊగుతోంది. “బాగా పనిచేస్తన్నాయమ్మా,” అన్నాడు మావయ్య. పెళ్లి డిస్కు ఆ పక్క కర్రకే ఉంది.

“దీని మీద నా పేరుంది గదా మావయ్యా?”

“గిన్నెల మీద ఇచ్చినోళ్ల పేరు కొట్టిస్తారుగా, అట్టా నువ్వే రాసుకున్నావనుకున్నా.”

ఇంటికొచ్చి వేసి చూశాం. సినిమా డిస్కులు మూడూ చక్కగా ఆడాయి. హీరో నీళ్లు కూడా తాగాడు. పెళ్లి డిస్కులో గులాబీలు, గిరగిరా తిరిగే మా పేర్లు వచ్చాయి. నాన్న మైకు దగ్గరికొచ్చాడు, గొంతు సవరించుకున్నాడు, నోరు తెరిచాడు. అంతే, బొమ్మ ఆగిపోయింది. కంపెనీ అచ్చు వేసినవి ఎండకు తట్టుకుంటాయట, స్టూడియోలో రాసిచ్చినవి తట్టుకోవట. ఆ స్టూడియో ఎప్పుడో మూతపడింది. కావాల్సింది పోయింది, అక్కర్లేనిది మిగిలింది.

“ఏడవబాకు,” అన్నారు ఆయన. “నువ్వాయన ఎదురుగానే ఉన్నావుగా. ఏమన్నాడో చెప్పు, రాసి పెట్టుకుందాం.”

అసలు ఘనకార్యం ఇదీ. ఆ నాలుగు నిమిషాలూ నేను చీర పిన్ను ఊడుతుందేమో అని చూసుకుంటున్నాను. వీడియో తీస్తున్నారుగా, తర్వాత తీరిగ్గా వినొచ్చనుకున్నాను.

“మీరు విన్నారా?”

“నేను కెమెరా వంక చూస్తన్నా.”

తెర మీద ఆగిన నాన్న బొమ్మను ఫోన్లో ఫొటో తీసుకున్నాను. ఇప్పుడు పాపకు ఐదేళ్లు. “తాతయ్య ఏం చెప్తన్నాడమ్మా?” అని అడుగుతుంది. ఒకరోజు కూర తినమంటున్నాడంటాను, ఇంకోరోజు జడ వేసేటప్పుడు కదలొద్దంటున్నాడంటాను. పాపం, బతికుండగా పిల్లల్ని ఒక్క మాట అనని మనిషి.

కాబట్టి ఆ ఫొటో సాక్షిగా ప్రమాణం చేశాను: ఇక మీదట మనిషి మాట్లాడుతుంటే అప్పుడే, అక్కడే, రెండు చెవులతో వింటాను. ఫోను తీయను. నిన్న స్కూల్లో పాప స్టేజీ ఎక్కి పద్యం చెప్పింది. ఒక్క అక్షరం పోకుండా విన్నాను. కిందకు దిగి పరుగెత్తుకొచ్చింది.

“వీడియో తీశావా?”

“లేదమ్మా, విన్నాను.”

“మరి నాన్నెట్టా చూస్తాడు?” అని అక్కడే కూలబడి ఏడ్చింది.

ఊరుకోబెట్టేసరికి స్కూలు ఖాళీ అయింది. ప్రమాణం మాత్రం మార్చలేదు.