పెదనాయన ఉక్కు గుండు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఇంజిన్‌లో వింత శబ్దం వస్తే ఏదో బేరింగు అరిగిందని అర్థం, అంతే. ముత్తియాల్‌పేటలో షెడ్డు పెట్టినప్పటి నుంచీ నా లెక్క అదే. ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పను. జరిగింది మాత్రం చెప్తాను.

నాకు పని నేర్పింది పెదనాయన. పాత కార్లకు ఇంజిన్ బలం పెంచే టర్బో బిగించడంలో ఆయన్ను మించిన చెయ్యి మా వీధుల్లో లేదు. టర్బోలోకి నూనె ఒత్తిడితో వెళ్తుంది. బయటికి మాత్రం తన బరువుతో తానే జారి ఇంజిన్ అడుగుకు చేరాలి. అందుకే ఆ దిగే రబ్బరు పైపు ఎక్కడా వేలాడకూడదు. అది చూడటానికి ఆయన దగ్గర ఒక ఉక్కు గుండు ఉండేది, పాత బేరింగులోంచి తీసింది. పైపును దాని దారిలో అమర్చి, కొసలు బిగించే ముందు పైనుంచి గుండు వదిలేవాడు. అది ఆగకుండా వచ్చి కింద చేతిలో పడితేనే బండి ఇచ్చేవాడు.

"గుండు ఆగిన చోట నూనె ఆగతాది రా" అనేవాడు. నాకు చాదస్తంగా ఉండేది. ఎవరూ మార్చెయ్యకుండా గుండు మీద ఉలితో గోరంత గాటు కూడా పెట్టుకున్నాడు మహానుభావుడు.

ఆయన పోయాక వైతికుప్పం సముద్రం ఒడ్డున అస్థికలు కలిపాం. పెద్దమ్మ ఆ గుండు నా చేతికిచ్చి, "ఇదీ ఆయనతోనే పోనీ" అంది. అలల్లోకి విసిరింది నేనే. మునగడం కూడా చూశాను.

నాలుగు నెలలకు మా బావ తన కారుకు టర్బో పెట్టమన్నాడు. పని పూర్తయ్యే రోజు పొద్దున్నే అక్కనూ పాపనూ తీసుకుని చెన్నైలో ఒక నిశ్చితార్థానికి బయల్దేరాలి. షెడ్డు ముందు నిలబడి, "సీక్రం కానీ బామ్మర్దీ, ముహూర్తం దాటిపోతాది" అని ఒకటే తొందర. కొత్త పైపు నేనే కోశాను. లోపలికి వెలుతురు పట్టి చూసి మరీ బిగించాను. ఏదో ఒక గుండు వేసి చూద్దామని ఒక్క క్షణం అనిపించింది. ఆయనే లేడు, ఇంక గుండేంది అనుకున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది.

బీచ్ దాకా ఒక రౌండు వేసి వచ్చాను. బాగానే ఉంది. అక్కా పాపా ఎక్కి కూర్చున్నారు. బావ మళ్లీ తాళం తిప్పగానే వెనక నుంచి నీలం పొగ కమ్ముకుంది. కిందికి దిగాల్సిన నూనె ఎక్కడో ఆగిపోతే టర్బోలోంచి కారి కాలి ఇలా పొగవుతుంది.

"ఏందిరా ఇది, యాడ తప్పు చేస్తివి?" అని అక్క తిట్టుకుంటూ దిగింది.

కారు కిందికి దూరి పైపు విప్పాను. నూనెతో పాటు ఏదో బరువుగా జారి అరచేతిలో పడింది. ఉక్కు గుండు. తుడిచి చూశాను. గాటు ఉంది.

పైపు మధ్యలో వేలాడి సైలెన్సర్ గొట్టాన్ని ఆనుకుని ఉంది. ఆ పక్క రబ్బరు మాడి, గోరు పెడితే ఊడొస్తోంది. రోడ్డెక్కాక అక్కడ చిల్లు పడితే నూనె కాలే గొట్టం మీద పడేది, బండి అంటుకునేది. వెనక సీట్లో పాప. గుండు అడ్డం పడి పొగ రాకపోతే నేను కిందికి దూరేవాడినే కాదు.

టర్బోలో గానీ ఆ ఇంజిన్‌లో గానీ అంత గుండు ఉండదు. షెడ్డంతా వెతికాను, అలాంటిది ఇంకొకటి లేదు.

సాయంత్రం పెద్దమ్మకు చూపించాను. గాటును వేలితో తడిమింది.

"దీన్ని సముద్రంలో వేస్తివి కదరా."

అవునన్నాను. ఆమె చాలాసేపు ఏడ్చింది. కొంగున కట్టుకోబోయి, మళ్లీ నా చేతిలోనే పెట్టింది. "నీకే పనుంది దీంతో" అంది.

రెండేళ్లయింది. ఎన్ని రకాలుగా ఆలోచించినా లెక్క కుదరలేదు. కుదురుగా కూర్చోలేను, ఇచ్చేసిన బండిని కూడా వెనక్కి పిలిచి చూస్తుంటాను. ప్రతి పైపులో గుండు వదిలి కింద చెయ్యి పట్టుకుంటాను. అది వచ్చి పడేదాకా నాకు ఊపిరాడదు. ఈసారి తిరిగి రాదేమోనని భయం.