నీళ్లు తాగని ఎలుక

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నాకు ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో. కోడుమూరు దగ్గర మా చేలో జొన్న కోత అయిపోగానే మా అవ్వ, అంటే నాయన తల్లి, గడ్డపార తీసుకుని ఎలుక బొక్కలు తవ్వడానికి బయలుదేరేది. లోపల ఎలుకలు దాచుకున్న కంకులు తీసి గంపలో వేసుకునేవాళ్లం. మా ఊళ్లో అందరూ తవ్వేవాళ్లే. మూతి తెరిచి ఉన్న బొక్క జోలికి అవ్వ పోయేది కాదు. వదులు మట్టితో పూడ్చి ఉన్నదాన్నే తవ్వేది. ఎలుక లోపల కాపురం ఉందనడానికి అదే గుర్తు. చివర ఒక గుప్పెడు కంకులు మాత్రం బొక్కలోనే వదిలేది.

ఆ ఏడాది కంకులతో పాటు ఒక ఎలుక పిల్ల బయటపడింది. ఇసుక రంగు వీపు, తెల్లటి పొట్ట, ఒంటికంటే పొడవైన తోక, తోక చివర నల్లటి కుచ్చు. అంత చిన్న మొహానికి ఎంత పెద్ద కళ్లో. తల్లి కనబడలేదు. పావడ ఒడిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

"కుక్కను సాకేటోళ్లను చూసినా, పిల్లిని సాకేటోళ్లను చూసినా. ఎలకను సాకేది ఈ పొద్దే చూస్తాండా" అన్నాడు నాయన.

"నిన్ను సాకలేదా అప్పా నేను? నువ్వు తిన్నంత ఇది తింటాదా?" అంది అవ్వ.

నాయన నవ్వాపుకుని బయటికి వెళ్లిపోయాడు.

మూతి విరిగిన కడవలో సగం దాకా ఎండుమట్టి పోసి దాన్ని అందులో వదిలాం. దిగీదిగగానే మట్టి తోడుకుని లోపలికి దూరి, వెనక దారి పూడ్చేసుకుంది. ఎవరు నేర్పారో దానికి. పొద్దు వాలాక బయటికొచ్చి, వెనక కాళ్ల మీద కూర్చుని, జొన్నగింజను రెండు చేతులతో పట్టుకుని తినేది. వాలే ఎండలో దాని చెవులు ఎర్రగా, సన్నటి నరాలతో సహా కనబడేవి.

ఎండలు ముదిరాయి. అమ్మ ఎండిన వంక ఇసుకలో చెలమ తోడి తెచ్చే రెండు బిందెల నీళ్లే ఇంటికంతా. అందులోంచే కొబ్బరిచిప్పలో దానికీ పెట్టేదాన్ని. ఒక్కరోజూ ముట్టలేదు. ఎండిపోయి చచ్చిపోతుందని నాకు భయం పట్టుకుంది. గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు చెంబుతో నీళ్లిచ్చే ఇల్లు మాది. నీళ్లు వద్దనే ప్రాణి ఒకటి ఉంటుందని నాకెట్లా తోస్తుంది? ఒక మధ్యాహ్నం నేను తాగాల్సిన చెంబెడు నీళ్లూ తెచ్చి, మట్టి నానేదాకా కడవలో పోశాను.

కాసేపటికి చూస్తే అది బురదలో ఒక పక్కకు ఒరిగి ఉంది. చేతిలోకి తీసుకుంటే చల్లగా తగిలింది. పొయ్యి దగ్గర సంగటి కెలుకుతున్న అవ్వ దగ్గరికి ఏడుస్తూ పరిగెత్తాను.

"ఏం జేసినావే?"

"నీళ్లు పోసినా. దప్పికైతాదని."

అవ్వ తిట్టలేదు. "నీళ్లు లేకుండా బతికేదానికే పుట్టిండాదే అది. ఇట్లా తే" అంది.

ఆ మాట అవ్వకెట్లా తెలుసో. అరవై దాటి చదవడం నేర్చుకున్నాక, మనవరాలి పుస్తకంలో దాని బొమ్మ చూశాను. జెర్బిల్ అని రాసి ఉంది. తిన్న ఎండుగింజలోంచే ఒంటికి కావలసిన నీరు తయారుచేసుకుంటుందట. కూడబలుక్కుంటూ ఆ వాక్యం మూడుసార్లు చదివాను.

వేరుశనక్కాయలు వేయించే ఇసుకను అవ్వ గోరువెచ్చగా కాచి చాటలో పరిచింది. ఎలుక పిల్లను కొంగుతో తుడిచి మధ్యలో పడుకోబెట్టి అరచేయి కప్పింది. చేనినుంచి వచ్చిన నాయన మా మొహాలు చూసి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఉండాదా, పాయెనా?"

"రవ్వంతసేపు ఉండప్పా" అంది అవ్వ.

చాలాసేపటికి అవ్వ వేళ్ల సందులోంచి ఒక మీసం కదిలింది. తర్వాత ఒక కాలు. అవ్వ చేయి తీసింది. అది తూలుతూ లేచి, ఒళ్లు విదిలించుకుని, ఉన్నట్టుండి ఇసుక తవ్వడం మొదలుపెట్టింది. ఆ పిడికెడు ఒంట్లో అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో, ఇసుక ఎగిరి నాయన పాదాల మీద పడుతోంది. ఆయన కాళ్లు వెనక్కి తీసుకోలేదు.

సంగటి అడుగంటిన వాసన వచ్చింది. మాలో ఎవరూ లేవలేదు.